కుటుంబాన్ని విడదీయకుండా రాత్రి నీడ చూపించాలంటే

నాలుగేళ్ల కిందట జనవరిలో, రాత్రి పదకొండు దాటాక, హైదరాబాద్‌లో ఒక నైట్ షెల్టర్ గుమ్మం ముందు ఒక కుటుంబంతో పాటు నిలబడ్డాను. పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. తండ్రి మేస్త్రీల దగ్గర కూలి పని చేస్తాడు. తల్లి, ఆరేళ్ల పాప, పద్నాలుగేళ్ల బాబు, చూపు సరిగా ఆనని నానమ్మ. అద్దె మూడు నెలలు బాకీ పడితే ఇంటి ఓనరు సామాను బయట పెట్టించాడు. షెల్టర్‌లో మంచాలు ఖాళీగానే ఉన్నాయి. కానీ అది ఆడవాళ్ల షెల్టర్. "అమ్మ, పాప, ముసలమ్మ లోపలికి రావచ్చు. ఆయన మగవాళ్ల షెల్టర్‌కి పోవాలి, అది చాలా దూరం. బాబు పెద్దవాడైపోయాడు, ఇక్కడ కుదరదు. అక్కడేమో చిన్నపిల్లల్ని పెట్టుకోరు" అన్నారు. ఆ తల్లి నిమిషం కూడా ఆలోచించలేదు. మూట నెత్తిన పెట్టుకుని, అందరినీ వెంటబెట్టుకుని బస్టాపుకి వెళ్లిపోయింది.

వాళ్లు రోడ్డు మీద పడుకున్నది మంచాలు లేక కాదు, కలిసి పడుకునే చోటు లేక. అప్పటి నుంచి నేను, నాతో పాటు ఇంకొందరు చేస్తూ వచ్చిన పనిని ఇక్కడ రాస్తున్నాను. మీరు కాలనీ సంఘంలో ఉన్నా, మహిళా సంఘంలో ఉన్నా, కాలేజీలో చదువుతున్నా, షెల్టర్‌లోనే కేర్‌టేకర్‌గా పని చేస్తున్నా, మీ ఊళ్లో దీన్ని మొదలుపెట్టవచ్చు.

1. ఈ రాత్రి ఎదురుపడ్డ కుటుంబంతో

ఫుట్‌పాత్ మీద మూటలతో కూర్చున్న కుటుంబం కనబడగానే బండి ఆపి "ఎక్కండి, షెల్టర్‌కి తీసుకెళ్తాం" అనకండి. భయపడతారు. ఆ భయానికి కారణం ఉంది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగినప్పుడు రోడ్ల మీద అడుక్కునేవాళ్లను వ్యాన్లలో ఎక్కించి చంచల్‌గూడ జైలు దగ్గరి ఆశ్రమానికి తరలించారు. ఫుట్‌పాత్ మీద బతికేవాళ్లు అలాంటివి మర్చిపోరు. ఇల్లు లేని ప్రతి కుటుంబం అడుక్కునే కుటుంబం కాదు. చాలామంది పొద్దున్నే లేబర్ అడ్డాకి వెళ్లి నిలబడేవాళ్లే.

మీతో ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి. నిలబడి మాట్లాడకండి, వాళ్ల పక్కన కూర్చోండి. మొదట "తిన్నారా?" అని అడగండి. పిల్లలకు పాలో బన్నో తెప్పించి, ఆ తర్వాత "అందరూ ఇక్కడే ఉన్నారా, ఇంకెవరైనా రావాలా?" అనండి. ఈ ప్రశ్న మర్చిపోవద్దు. తండ్రి నైట్ వాచ్‌మన్ పనికి వెళ్లి ఉంటాడు, మనం మిగతావాళ్లను తీసుకెళ్లిపోతే ఆయన తెల్లారి వచ్చి ఖాళీ ఫుట్‌పాత్ చూసి ఊరంతా వెతుక్కుంటాడు. ఫొటోలు తీయకండి. సాయం చేస్తున్న ఫొటో కూడా వద్దు. ఊళ్లో బంధువులకు తాము ఫుట్‌పాత్ మీద ఉన్న సంగతి తెలియకూడదని చాలా కుటుంబాలు ప్రాణం పెట్టి దాచుకుంటాయి.

ఒంట్లో బాగాలేనివాళ్లు, నొప్పులు పడుతున్న గర్భిణి ఉంటే ముందు 108. ఎవరైనా కొడుతున్నా, వెంటపడుతున్నా 112. భర్త కొట్టి బయటికి నెట్టిన తల్లి అయితే మహిళల హెల్ప్‌లైన్ 181కి చేయండి. హింసకు గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో ఐదు రోజుల దాకా ఉండనిస్తారు. అయితే మగపిల్లల వయసుకు అక్కడ పరిమితి ఉంటుంది. ఎదిగిన కొడుకు ఉంటే ఆ సంగతి ఫోన్‌లోనే చెప్పి అడగండి, గుమ్మం దాకా వెళ్లాక తెలిస్తే తల్లి మనసు విరిగిపోతుంది. 1098 ఆపదలో ఉన్న పిల్లల హెల్ప్‌లైన్. తల్లిదండ్రులతో ఉన్న పిల్లల కోసం దానికి చేసేటప్పుడు "పిల్లలు అమ్మానాన్నలతోనే ఉన్నారు, మాకు కావలసింది కుటుంబం మొత్తానికి చోటు" అని మొదటి మాటగా చెప్పండి.

షెల్టర్‌కి బయలుదేరే ముందు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి. కుటుంబం మొత్తాన్ని ఒకే చోట ఉండనిస్తారా? ఆధార్ లేకపోయినా చేర్చుకుంటారా? ఇప్పుడు డ్యూటీలో ఉన్నది ఎవరు? ఆ మనిషి పేరు రాసుకోండి. పేరు పెట్టి "ఫలానా అన్న రమ్మన్నారు" అంటే తలుపు దగ్గర మాట వేరుగా ఉంటుంది.

2. గుమ్మం దగ్గర విడదీస్తామంటే

గొడవ పెట్టుకోకండి. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న కేర్‌టేకర్‌కి నిబంధన మార్చే అధికారం ఉండదు. కానీ ఒక్క రాత్రికి సర్దుబాటు చేసే చనువు ఉంటుంది, అది అడగండి. ఆఫీసు గదిలో తల్లీ పిల్లలు, వరండాలో తండ్రీ కొడుకూ. లేదంటే హాలు చివర ఒక తాడు కట్టి, రెండు దుప్పట్లు తెరలా వేసి, ఆ మూల మొత్తం ఆ కుటుంబానికే. మేము ఎక్కువసార్లు చేసింది ఇదే. రెండు దుప్పట్ల తెరతో ఆపగలిగిన కష్టం ఎంతో చూశాక, దీన్ని ముందే ఎందుకు కట్టి ఉంచరని బాధ వేస్తుంది.

అదీ కుదరకపోతే పెద్దాసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్ల కోసం కట్టిన షెల్టర్లను అడగండి. కుటుంబాలు వచ్చి ఉండటం అక్కడి సిబ్బందికి అలవాటే. ఇంకా వార్డులో కమ్యూనిటీ హాలు ఉంటుంది. దాని తాళం ఎవరి దగ్గర ఉంటుందో పగలే కనుక్కుని పెట్టుకోండి. రాత్రి పన్నెండింటికి తాళం కోసం తిరగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"పిల్లల్ని హోమ్‌లో పెట్టేద్దాం, పెద్దవాళ్లు ఎక్కడైనా ఉంటారు" అని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. మంచి మనసుతోనే అంటారు. ఒప్పుకోకండి. 2015 నాటి బాలల న్యాయ చట్టం పిల్లల్ని సంస్థలో ఉంచడం చివరి మార్గంగానే చూడాలంటుంది. ఇల్లు లేకపోవడం తల్లిదండ్రుల తప్పు కాదు. పిల్లల సంరక్షణకు వాళ్లు పనికిరారనడానికి అది రుజువూ కాదు. బాలల సంక్షేమ సమితి దాకా విషయం వెళితే ఈ మాటే అక్కడా చెప్పండి.

3. మీ ఊళ్లో ఎన్ని కుటుంబాలో లెక్క తీయండి

లెక్క లేకుండా మున్సిపల్ ఆఫీసుకి వెళితే "మా ఊళ్లో అలాంటివాళ్లు లేరండీ" అంటారు. 2011 జనాభా లెక్కల్లో దేశమంతా కలిపి ఇల్లు లేనివాళ్లు 17 లక్షలకు పైగా తేలారు. మీ ఊరి సంఖ్య మాత్రం మీరే తేల్చుకోవాలి. రాత్రి పదిన్నర నుంచి తెల్లవారుజామున నాలుగు మధ్య, వరసగా మూడు రాత్రులు తిరగండి. ఒక్క రాత్రి చాలదు, వాన పడితే అందరూ చోటు మారిపోతారు. పట్టణ మహిళా సంఘాలను చూసే మెప్మా సంస్థ ఆర్పీలను (రిసోర్స్ పర్సన్లను) కలుపుకోండి, ఏ సందులో ఎవరున్నారో వాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

బస్టాండు, రైల్వే స్టేషను, గుడి మెట్లు, ఫ్లైఓవర్ల కింద ఎలాగూ చూస్తారు. ఆసుపత్రుల చుట్టూ తప్పకుండా చూడండి. హైదరాబాద్‌లో నీలోఫర్ ముందు, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ముందు ఫుట్‌పాత్ మీద ఉన్న కుటుంబాలకు ఊళ్లో ఇల్లు ఉంటుంది, కాబట్టి ఎవరి లెక్కలోకీ రారు. వైద్యం నెలల తరబడి సాగితే వాళ్లూ ఇక్కడ ఇల్లు లేనివాళ్లే. కట్టుబడి పూర్తయిన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో, పూసలవాళ్ల గుడారాల్లో, బొమ్మలమ్ముకునేవాళ్ల తోపుడు బండ్ల పక్కన కూడా.

కాగితం మీద పేర్లు వద్దు. కుటుంబంలో ఎంతమంది, పిల్లల వయసులు, పదేళ్లు దాటిన మగపిల్లలు ఉన్నారా, గర్భిణులు, వృద్ధులు, ఎన్నాళ్లుగా ఉంటున్నారు, షెల్టర్‌కి ఎందుకు వెళ్లలేదు, ఇవి చాలు. చివరి ప్రశ్నకు వచ్చే జవాబులను వాళ్ల మాటల్లోనే రాయండి. "మా ఆయన్ని రానియ్యరు", "సామాను పెట్టుకోనియ్యరు", "పొద్దున ఐదింటికే లేపేస్తరు" అన్న మాటలే తర్వాత మీ అర్జీకి బలం.

4. అర్జీ

దేశంలో నగరాల నైట్ షెల్టర్లకు ఊపు వచ్చింది సుప్రీంకోర్టు వల్ల. 2010 జనవరిలో ఢిల్లీలో చలికి జనం చనిపోతున్నారన్న విషయం ఆహార హక్కు కేసులో కోర్టు ముందుకొచ్చింది. ఆ కేసులోనే, ప్రతి లక్ష జనాభాకు ఒక షెల్టర్ చొప్పున, ఏడాది పొడుగునా 24 గంటలూ తెరిచి ఉండేలా ఏర్పాటు చేయాలని ఆదేశాలొచ్చాయి. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లో మనిషికి ఐదు చదరపు మీటర్ల చోటు, వంట చేసుకునే వసతి, దగ్గరి అంగన్‌వాడీతో అనుసంధానం, కుటుంబాలకు వేరుగా షెల్టర్లు, అన్నీ రాసి ఉన్నాయి. 2016 నవంబరులో సుప్రీంకోర్టు, ఢిల్లీ హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ కైలాష్ గంభీర్ అధ్యక్షతన కమిటీ వేసి రాష్ట్రాల్లో ఇవి ఎంతవరకు అమలవుతున్నాయో చూడమంది. పథకాల పేర్లు మారుతుంటాయి. కానీ మీరు దయ కోసం అడగడం లేదని, ఇప్పటికే రాసి ఉన్నదాన్ని అమలు చేయమంటున్నారని అర్జీ మొదటి పేరాలోనే తెలియాలి.

ఒక్క పేజీ దాటకండి. మీ లెక్క, మీరు అడిగే ఒక్క పని, అంతే. మేము మొదటిసారి పన్నెండు డిమాండ్లు రాశాం, ఏదీ కదల్లేదు. రెండోసారి "ఈ షెల్టర్ పై అంతస్తును కుటుంబాల విభాగంగా మార్చండి" అని ఒక్కటే రాశాం. అప్పుడు అధికారి మెట్లెక్కి ఆ అంతస్తు చూశారు. మున్సిపల్ కమిషనర్‌కి ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. నకలు సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. నెల గడిచినా కదలిక లేకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఎన్ని మంచాలు, గత ఏడాది ఎన్ని కుటుంబాలను చేర్చుకున్నారు, ఎన్నింటిని వెనక్కి పంపారు, షెల్టర్ నిర్వహణ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చాలా చోట్ల వెనక్కి పంపినవాళ్ల లెక్కే రాయరు. ఆ పుస్తకం మొదలుపెట్టించగలిగితే అదే పెద్ద మార్పు.

5. లోపల ఏం మార్చాలి

కొత్త భవనం కోసం ఆగకండి. ఉన్న హాలునే మార్చవచ్చు. నిలువెత్తు చెక్క పార్టిషన్లు, ప్రతి గదికి లోపలి గడియ. తలుపు లేకపోతే కనీసం మందపాటి కర్టెన్.

పైకప్పుకి గట్టి కొక్కేలు పెట్టించండి. చీర ఉయ్యాల కట్టుకోవడానికి. పసిబిడ్డ తల్లులను ఏం కావాలో అడిగితే మొదట చెప్పేది ఇదే. మన షెల్టర్ల నమూనాలు గీసేవాళ్లకు ఇది తట్టనే తట్టదు. బిడ్డ కింద పడుకుంటే ఏ చీమో కుడుతుందని, ఎవరి కాలో తగులుతుందని తల్లి రాత్రంతా కూర్చునే ఉంటుంది. ఉయ్యాల ఉంటే ఆమె కూడా నిద్రపోతుంది.

తాళం వేసుకునే ఇనప పెట్టె కుటుంబానికి ఒకటి. మేస్త్రీ కూలీకి తాపీ, పార, తట్ట పోతే మర్నాడు పని పోయినట్టే. సామాను కాపలాకే చాలామంది మగవాళ్లు ఫుట్‌పాత్ వదలరు. ప్రతి చలికాలం దాతలు దుప్పట్లు తెస్తారు, మంచిదే, కానీ వాళ్లను చేతులు జోడించి అడగండి: ఈసారి దుప్పట్ల బదులు పెట్టెలు ఇప్పించమని. మే నెలలో వడగాడ్పులకి ఫ్యాన్లు, జులై వానలకి ఆరేసుకునే తాళ్ల మీద రేకుల కప్పు కూడా కావాలి. చలికాలం తర్వాత షెల్టర్లను ఎవరూ పట్టించుకోరు, పిల్లలకు ఎక్కువ జబ్బులు చేసేదేమో వానాకాలంలో.

వంటగదిలో రెండు స్టవ్‌లు, రాత్రి కూడా తెరిచి ఉండాలి. ఐదు రూపాయల భోజనం, అన్న క్యాంటీన్ పెద్దవాళ్ల ఆకలి తీరుస్తాయి గానీ తొమ్మిది నెలల బిడ్డకు రాత్రి రెండింటికి పాలు వేడి చేయాలంటే అవి పనికిరావు. ముసలివాళ్లకు గంజి కాచుకోవాలి.

మరుగుదొడ్డి దారిలో రాత్రంతా లైటు వెలగాలి. ఆడవాళ్ల స్నానాల గదికి లోపలి గడియ, చెత్తబుట్ట. రాత్రి షిఫ్టులో ఒక మహిళా కేర్‌టేకర్ తప్పనిసరి.

పొద్దున్నే బయటికి పంపే అలవాటు ఆపించాలి. బాలింత, జ్వరంతో ఉన్న పిల్ల, నానమ్మ పగలంతా ఎక్కడ కూర్చుంటారు? 24 గంటలూ తెరవాలని ఆదేశం ఉన్నదే ఇందుకు. సిబ్బంది చాలకపోతే పగలు రెండు గంటల పాటు మీ మహిళా సంఘం నుంచి వంతుల వారీగా ఇద్దరు వెళ్లండి.

తాగి వచ్చిన తండ్రి విషయంలో నా మాట ఇది. ఆ రాత్రికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టండి, కుటుంబాన్ని మాత్రం బయటికి పంపకండి. ఆయన తప్పుకి పిల్లలు రోడ్డు మీద పడుకోకూడదు. కొడుతున్నాడంటే అది వేరే సంగతి, తల్లీ పిల్లల రక్షణే ముందు.

నిర్వహణ కమిటీలో అక్కడ ఉంటున్న కుటుంబాల నుంచి ఒక తల్లిని కూర్చోబెట్టండి. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చినవాళ్లు, రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు ఉంటే వాళ్ల భాష తెలిసిన మనిషి ఫోన్ నంబరు గోడ మీద రాసి ఉండాలి.

6. కాగితాలు, మొదటి వారంలోనే

అందరికీ ఒక జిప్ కవరు ఇవ్వండి. వానలో, ఖాళీ చేయించేటప్పుడు మొదట పోయేవి కాగితాలే. ఆధార్ కార్డు పోయినా నంబరు పోదు, ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో తీయించవచ్చు. అసలే లేనివాళ్లకు గుర్తింపు పొందిన షెల్టర్ అధికారి ఇచ్చే ధ్రువపత్రం అడ్రసు రుజువుగా చెల్లుతుంది. ఆ ఫారం పది కాపీలు షెల్టర్‌లో పెట్టించండి. ఆహార భద్రత కార్డు సొంత ఊళ్లో ఉన్నా ఇక్కడి రేషన్ షాపులో బియ్యం తీసుకోవచ్చు. ఊరికి వెళ్లి తెచ్చుకోవాలనుకుని ఎంతోమంది నెలల తరబడి కొనుక్కుని తింటున్నారు. ఓటుకి ఫారం 6 నింపి పడుకునే చోటు రాస్తే చాలు, బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వచ్చి వాళ్లు నిజంగా అక్కడే పడుకుంటున్నారో లేదో చూసుకోవాలి, వేరే కాగితం అడగకూడదు.

బడి గురించి ఒక్కరోజు కూడా ఆగకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పుట్టినతేదీ కాగితం లేదని గానీ, టీసీ రాలేదని గానీ చేర్చుకోకుండా ఉండకూడదు. హెడ్‌మాస్టర్‌తో మీరు వెంట వెళ్లి మాట్లాడండి. బడికి వెళ్లే పిల్ల ఉన్న కుటుంబం తొందరగా నిలదొక్కుకుంటుంది, తల్లికి పగలు పనికి వెళ్లే వీలు దొరుకుతుంది.

7. మళ్లీ ఇంట్లోకి

షెల్టర్‌లో కుదురుకున్న కుటుంబాన్ని కదిలించడానికి తొందరపెట్టకండి. అలాగని మర్చిపోకండి. కూలి డబ్బుతో నెల అద్దె కట్టగలరు. కట్టలేనిది రెండు మూడు నెలల అడ్వాన్సు. దాతల డబ్బు ఇక్కడే బాగా పని చేస్తుంది. డబ్బు నేరుగా ఇంటి ఓనరుకి ఇచ్చి, కుటుంబం పేరు మీద రసీదు తీసుకోండి, ఖాళీ చేసినప్పుడు అది వాళ్లకే రావాలి. ఇల్లు వెతికేటప్పుడు మీరూ వెంట వెళ్లండి. కులం అడిగి, మతం అడిగి, పిల్లల్ని లెక్కపెట్టి తలుపు మూసే ఓనర్లు ఉన్నారు. మనకు తెలిసిన మనిషి హామీ ఉంటే కొందరు మెత్తబడతారు.

ఇంకో రెండు సందర్భాలకు ముందే సిద్ధంగా ఉండండి, పురుడు, చావు. అద్దె ఇంట్లో మనిషి పోతే శవాన్ని గుమ్మంలోకి రానివ్వని ఓనర్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. బాలింతను మైల అని రానివ్వనివాళ్లూ ఉన్నారు. ఆ రాత్రి ఆ కుటుంబం శవంతో సహా రోడ్డు మీద నిలబడుతుంది. అలాంటప్పుడు పదకొండు రోజుల కోసం తెరిచే ఒక గది మీ షెల్టర్ పక్కనో, కమ్యూనిటీ హాలులోనో ఉండాలని ముందే మాట్లాడి పెట్టుకోండి. ఏడుస్తున్నవాళ్లు అప్పుడు ఆఫీసుల చుట్టూ తిరగలేరు.

అద్దె బాకీ పడ్డ కుటుంబం మీ వీధిలోనే ఉంటే, సామాను బయట పడకముందే కదలండి. కోర్టు ఆర్డరు లేకుండా సామాను బయట పారేయడం, కరెంటు తీసేయడం కుదరదు. 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది. ఓనరుతో కూర్చుని నెలకి కొంత చొప్పున తీర్చేలా ఒప్పించడం చాలాసార్లు అవుతుంది. అతనికీ ఆ అద్దే బతుకుతెరువై ఉండవచ్చు, మర్యాదగా మాట్లాడండి.

కొత్త ఇంట్లోకి వెళ్లాక రెండో నెల ఐదో తారీకున ఫోన్ చేయండి. మొదటి నెల కాదు, మొదటి నెల ఎలాగో నెట్టుకొస్తారు. రెండో నెల పని దొరక్కపోయినా మొహమాటానికి చెప్పరు. "అద్దె కట్టారా?" అని అడగకండి. "పాప బడికి పోతుందా? మీకు అడ్డాలో పని దొరుకుతుందా?" అని అడగండి. గొంతులో తెలిసిపోతుంది, ఆ సాయంత్రమే వెళ్లి కలవండి.